"గివ్ అప్"లో "అప్" ఎందుకు? వియత్నాం విద్యార్థిని తికమక పెట్టే చిన్న మాట

వియత్నాంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే మైదానమంతా ఒకే కేక మారుమోగుతుంది: "వియత్నాం కో లేన్!" కో అంటే గట్టిగా పూనుకోవడం. లేన్ అంటే పైకి. రెండూ కలిస్తే "పట్టు సడలించకు, ఇంకా గట్టిగా ఆడు" అని అర్థం. పరీక్షకు బయలుదేరే పిల్లవాడితో తల్లి చెప్పే మాట అదే. జబ్బుపడిన స్నేహితుడి చెయ్యి పట్టుకుని చెప్పే మాట కూడా అదే.

ఆ పిల్లవాడు ఇంగ్లీషు తరగతిలో కూర్చున్నప్పుడు పుస్తకంలో "గివ్ అప్" అని కనిపిస్తుంది. గివ్ అంటే ఇవ్వడమని, అప్ అంటే పైకి అని అతనికి ముందే తెలుసు. తెలిసిన ఈ రెండు మాటలు కలిస్తే పుట్టే అర్థం మాత్రం అతను ఊహించనిది: ప్రయత్నం మానుకోవడం, ఓటమి ఒప్పుకోవడం. పుట్టినప్పటి నుంచి అతను విన్న "పైకి" పోరాడమని చెప్పింది. ఇంగ్లీషు "పైకి" చాలించమంటోంది.

వియత్నామీలో ఇలాంటి జంట మాటలు లేకపోవడం వల్ల ఈ ఇబ్బంది వస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ భాష నిండా అవే ఉన్నాయి. ఎటొచ్చీ అక్కడి దిక్సూచి ముల్లు మరో వైపు చూపిస్తుంది. మన భాష కూడా ఈ విషయంలో వియత్నామీ వైపే మొగ్గుతుంది కాబట్టి, తెలుగు పాఠకుడికి ఆ విద్యార్థి అవస్థ చప్పున అర్థమవుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఉత్తర వియత్నాం ఉచ్చారణలో ఆరు స్వరాలు, అంటే గొంతు ఎత్తుపల్లాలు, ఉన్నాయి. ఒకే అక్షరాన్ని ఏ స్వరంతో పలికితే ఆ అర్థం వస్తుంది. తెలుగు లిపిలో ఆ స్వరాలు చూపలేం కాబట్టి ఇక్కడ రాసినవన్నీ దగ్గరి ఉచ్చారణలు మాత్రమే.

బడిలో ఇంగ్లీషు: మారుతున్న లెక్కలు

దేశం రెండుగా ఉన్న కాలంలోనూ, ఏకమైన తొలి ఏళ్ళలోనూ ఉత్తరాదిన రష్యన్ భాషకు పెద్దపీట ఉండేది. 1986లో దోయ్ మోయ్ ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక ఆ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. 2008లో ప్రభుత్వం 2020ని గడువుగా పెట్టుకుని విదేశీ భాషల బోధనకు ఒక జాతీయ పథకం ఆమోదించింది. 2018 నాటి కొత్త పాఠ్య ప్రణాళిక ప్రకారం మూడో తరగతి నుంచి విదేశీ భాష తప్పనిసరి. 2024 ఆగస్టులో కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో ఇంకో అడుగు వేసి, బడులలో ఇంగ్లీషును క్రమంగా రెండో భాషగా చేయాలని చెప్పింది. మరోవైపు 2025 నుంచి ఉన్నత పాఠశాల ముగింపు పరీక్షలో గణితం, సాహిత్యం మాత్రమే తప్పనిసరి అయ్యాయి. ఇంగ్లీషును విద్యార్థి కోరుకుంటేనే రాస్తాడు.

పరీక్ష కోసం నేర్చే భాష, బతుకులో వాడే భాష వేరువేరు అనే చర్చకు ఈ మార్పులు మళ్ళీ ఊపిరి పోశాయి. ఫ్రేజల్ వెర్బులు, అంటే "గివ్ అప్" లాంటి జంట మాటలు, సరిగ్గా ఆ రెంటికీ మధ్య గీత మీద నిలబడతాయి. పరీక్షలో వాటి మీద ప్రశ్నలు వస్తాయి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ నోట అవి క్షణక్షణం దొర్లుతాయి. కానీ జాబితా బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కిన విద్యార్థి నోట మాటల్లో మాత్రం అవి అరుదు.

ఫ్రేజల్ వెర్బ్ అంటే ఏమిటి, వియత్నాంలో దాన్ని ఏమంటారు

ఒక మామూలు క్రియ, దాని వెనక ఒక చిన్న మాట. గివ్, టేక్, పుట్, గెట్ లాంటివి క్రియలు. అప్, అవుట్, ఆఫ్, డౌన్ లాంటివి వెనక చేరే మాటలు. రెండూ కలిశాక విడివిడి అర్థాలతో పొంతన లేని మూడో అర్థం వస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. "స్టాండ్ అప్" అంటే లేచి నిలబడటం. ఇందులో అప్ తన సొంత అర్థంతోనే ఉంది. "గివ్ అప్"లో అది కనబడదు. ఈ రెంటికీ నడుమ ఎన్నో మెట్లున్నాయి.

పరాయివాళ్ళకు ఇవి కష్టమన్న సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఈ కూర్పుల గురించి ప్రస్తావించి, విదేశీయులకు అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే వస్తుందని రాశాడు. "ఫ్రేజల్ వెర్బ్" అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ తానే చెప్పాడు.

వియత్నామీలో దీనికి వాడే పేరు "కుమ్ దోంగ్ తు". కుమ్ అంటే గుత్తి, దోంగ్ తు అంటే క్రియ. క్రియల గుత్తి అన్నమాట. వినడానికి బాగానే ఉంది కానీ తికమక ఇక్కడే ఒక మెట్టు పెరుగుతుంది. వియత్నాం పిల్లలు తమ మాతృభాష వ్యాకరణంలో ఇదే పేరును మరో దానికి నేర్చుకుంటారు. క్రియ, దాని ముందూ వెనకా చేరే మాటలన్నీ కలిపిన పదబంధం అక్కడ "కుమ్ దోంగ్ తు". ఇంగ్లీషు తరగతిలో అదే పేరు ఫ్రేజల్ వెర్బుకు వస్తుంది. ఒకే పెట్టెలో రెండు వేరువేరు వస్తువులు పెట్టి ఒకే చీటీ అతికించినట్టు అయింది.

వియత్నామీ దిక్కుల మాటలు, మన "పోవు"

వియత్నామీ క్రియకు రూపం మారదు. కాలం, లింగం, వచనం ఏవీ దాని తోకకు తగులుకోవు. ఆ పని చేయడానికి పక్కన చిన్న మాటలు నిలబడతాయి. వాటిలో ఒక గుంపు దిక్కులు చెప్పేవి: లేన్ అంటే పైకి, రా అంటే బయటికి, ది అంటే వెళ్ళడం. రా అన్నది దక్షిణాది పలుకు. హనోయిలో దాన్ని జా అంటారు.

ఈ దిక్కుల మాటలు మొదట నిజమైన కదలికను చెప్పాయి. "దుంగ్ లేన్" అంటే లేచి నిలబడటం, ఇంగ్లీషు స్టాండ్ అప్‌కు అచ్చంగా సరిపోతుంది. "కొయ్ ఆవ్ రా" అంటే చొక్కా విప్పడం. ఆపైన అవి మనసులోని కదలికలకు కూడా పాకాయి. "తీమ్" అంటే వెతకడం. "తీమ్ రా" అంటే వెతికి బయటికి తేవడం, కనుక్కోవడం. ఇంగ్లీషు "ఫైండ్ అవుట్" కూడా బయటికి అనే మాటతోనే అదే పని చేస్తుంది. ఇంత చక్కగా కుదిరిన జంటను చూసిన విద్యార్థి మిగతావన్నీ ఇలాగే కుదురుతాయని నమ్మితే తప్పు పట్టలేం.

వియత్నామీకి ఇక్కడ ఒక సొగసు ఉంది, అది ఇంగ్లీషుకు లేదు. "తీమ్ ఖోంగ్ రా" అంటారు. ఖోంగ్ అంటే కాదు, లేదు. వెతకడానికీ బయటపడటానికీ నడుమ "లేదు" వచ్చి కూర్చుంది: వెతికాను, బయటపడలేదు. మన "వెతికినా దొరకలేదు" అనడానికి చాలా దగ్గర.

అసలు ముడి "లేన్", "ది" అన్న రెండు మాటల దగ్గర పడుతుంది. పెరిగేదానికి, వెలిగేదానికి, లావయ్యేదానికి వియత్నామీలు లేన్ చేరుస్తారు. లావవడం "బేవ్ లేన్". తగ్గేదానికి, మాసిపోయేదానికి, కనుమరుగయ్యేదానికి ది చేరుస్తారు. ది అంటే వెళ్ళడం అన్నాను కదా. ఇప్పుడు ఈ నాలుగు మాటలను తెలుగు పక్కన పెట్టి చూడండి. క్వేన్ ది అంటే మరచిపోవడం. గయ్ ది అంటే చిక్కిపోవడం. ఖో ది అంటే ఎండిపోవడం. చేత్ ది అంటే చనిపోవడం. నాలుగింటా వాళ్ళు "వెళ్ళు" అన్న క్రియను తోకగా పెట్టారు, మనం "పోవు" పెట్టాం. ఒకటి ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబపు భాష, మరొకటి ద్రావిడ భాష. ఏ చుట్టరికమూ లేదు. అయినా నష్టాన్ని, తరుగుదలను "వెళ్ళిపోవడం"గానే రెండు జాతులూ చూశాయి.

ఇంగ్లీషు ఏం చేసింది? ఎండిపోవడాన్ని "డ్రై అప్" అంది. తినేయడాన్ని "ఈట్ అప్" అంది. వాడేసి ఖాళీ చేయడాన్ని "యూజ్ అప్" అంది. అన్నీ పైకే. వియత్నామీలో తినేయడం "అన్ హేత్". హేత్ అంటే అయిపోవడం, మిగలకపోవడం. కనుక ఇంగ్లీషు ఒక్క "అప్"తో చేసే పనిని వియత్నామీ కనీసం మూడు మాటలకు పంచింది: పెరిగేదానికి లేన్, మిగలకుండా అయ్యేదానికి హేత్, జారిపోయేదానికి ది. విద్యార్థి బుర్రలో మాత్రం అప్ ఎదురుగా ఒక్క లేన్ మాత్రమే రాసి ఉంటుంది.

దిక్కుల మాటలు తర్కం మీద నడవవు, చరిత్ర మీద నడుస్తాయి. దీనికి వియత్నాంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. హనోయి నుంచి సైగాన్ వెళ్ళేవాడు "లోపలికి" వెళ్తున్నానంటాడు. సైగాన్ నుంచి హనోయి వెళ్ళేవాడు "బయటికి" వెళ్తున్నానంటాడు. 17, 18 శతాబ్దాలలో దేశం రెండు ఏలుబడుల కింద ఉన్నప్పుడు దక్షిణాన్ని లోపలి ప్రాంతమని, ఉత్తరాన్ని బయటి ప్రాంతమని పిలిచేవారు. పాలకులు పోయి శతాబ్దాలు గడిచాయి, క్రియలో దిక్కు మాత్రం నిలిచిపోయింది. పరాయివాడు వియత్నామీ నేర్చుకుంటూ "లోపలికి ఎందుకు?" అని అడిగితే వచ్చే జవాబు, వియత్నామీ విద్యార్థి "అప్ ఎందుకు?" అని అడిగితే వచ్చే జవాబు ఒక కోవకు చెందినవే.

మరి ఆ "అప్" ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి రెండు వివరణలు వినిపిస్తాయి. ఒకదాని ప్రకారం ఈట్ అప్, యూజ్ అప్‌లలో ఉన్న అప్పే గివ్ అప్‌లోనూ ఉంది. పని పూర్తయింది, మిగిలిందేమీ లేదు అని అది చెబుతుంది. గిన్నెలో పోస్తూ ఉంటే నీటి మట్టం పైకి వస్తుంది. అంచుకు చేరితే నిండినట్టు. అలా "పైకి" అన్నది "పూర్తిగా" అయింది. కనుక గివ్ అప్ అంటే ఏమీ మిగుల్చుకోకుండా పూర్తిగా ఇచ్చేయడం.

రెండో వివరణ ఈ మాటకున్న పాత అర్థం మీద నిలబడుతుంది. మధ్యయుగపు ఇంగ్లీషులో గివ్ అప్ అంటే కోటను, పదవిని, ఆస్తిని పైవాడి చేతికి అప్పగించడం. గెలిచినవాడు, పాలకుడు పైన ఉంటాడు. ఓడినవాడు కింద నుంచి అందిస్తాడు. ఆనక వస్తువు పోయి ప్రయత్నం వచ్చింది: తన పూనికనే ఎవరికో అప్పగించినట్టు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన "అబాండన్" కూడా మొదట్లో ఒకరి అధీనంలోకి వదిలిపెట్టడమే.

నాకు రెండో వివరణ ఎక్కువ నచ్చుతుంది. సీటు ఇచ్చేయడం, పోలీసులకు లొంగిపోవడం, ఆశ వదులుకోవడం మూడింటినీ ఒకే తాడు మీద గుచ్చగలిగేది అదే. అయితే మొదటిది తప్పు అనడానికి లేదు. ఈ రెండు దారులు ఒకదానిలో ఒకటి కలిసి ఉండవచ్చు. భాషలో అలా జరగడం అరుదేమీ కాదు.

వియత్నామీలో లొంగిపోవడానికి వాడే మాట "దౌ హాంగ్", చైనా భాష నుంచి వచ్చింది. అందులో హాంగ్ అన్నదానికి మూలమైన చైనా అక్షరానికి లొంగడం అనే అర్థంతో పాటు కిందికి దిగడం అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషువాడు పైకి ఇచ్చి ఓడిపోతాడు, దౌ హాంగ్ అన్నవాడు కిందికి దిగి ఓడిపోతాడు. తెలుగులో "లొంగిపోవడం" లోనూ వంగడమే ఉంది. అయితే మనకు ఇంకో మాట ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఒక్క "గివ్ అప్", ఎన్నో వియత్నామీ మాటలు

దిక్కు సంగతి తేలినా చిక్కు తీరదు. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టిన చోట వియత్నామీ వేరువేరు క్రియలు వాడుతుంది. ఆ క్రియలన్నిటికీ ఒకే విలువ ఉండదు. ఒకటి సిగ్గుపడే పని అయితే మరొకటి గర్వపడే పని.

అలవాటు మానడంతో మొదలుపెడదాం. "హి గేవ్ అప్ స్మోకింగ్" అంటే వియత్నామీలో "బో థువొక్". బో అంటే వదిలేయడం, పారేయడం. థువొక్ అంటే అసలు అర్థం మందు. పొగాకును వాళ్ళు "ఆకు మందు" అంటారు, వాడుకలో ఆకు రాలిపోయి మందు మిగిలింది. వ్యసనం బలమైనదైతే బో బదులు "కాయ్" అంటారు. చంటిబిడ్డ చేత పాలు మాన్పించడానికి వాడేదీ ఈ కాయ్ అన్న మాటే. మనం కూడా "బిడ్డ చేత పాలు మాన్పించాం" అంటాం, "సిగరెట్ మానేశాడు" అంటాం. రెండుచోట్లా ఒకే ధాతువు. ఇంగ్లీషులో బిడ్డకు ఒక మాట, పొగతాగేవాడికి ఒక మాట.

ప్రయత్నం విరమించడానికి "బో కువొక్" అంటారు. కువొక్ అంటే పోటీ, పందెం లాంటి ఒక సందర్భం. పరుగు పందెంలో సగం దారిలో ఆగిపోయినవాడు బో కువొక్ చేసినట్టు. ఇందులో కాస్త నింద ఉంది. పొడుపు కథ విప్పలేక "నువ్వే చెప్పు" అనేటప్పుడు ఇంగ్లీషువాడు "ఐ గివ్ అప్" అంటాడు. వియత్నామీ ఆ చోట "చియు" అంటాడు. భరించడం, ఒప్పుకోవడం దాని అర్థాలు. నింద అక్కడ లేదు, నవ్వు ఉంది.

బస్సులో సీటు ఇవ్వడం దగ్గర తేడా అన్నిటికంటే స్పష్టంగా కనబడుతుంది. ముసలివాళ్ళకు, గర్భిణులకు చోటివ్వండి అని వియత్నాం బస్సుల్లో రాసి ఉంటుంది. ఆ చోటివ్వడాన్ని "న్యువంగ్" అంటారు. ఎదుటివారి మీద గౌరవంతో తన వంతును, తన హక్కును వారికి విడిచిపెట్టడం అది. అన్న తమ్ముడికి పెద్ద ముక్క ఇస్తే కూడా న్యువంగ్. పిల్లలకు పెద్దలు నేర్పే సంస్కారాల్లో ఇదొకటి. ఇప్పుడు "షీ గేవ్ అప్ హర్ సీట్" అన్న వాక్యం చదివిన విద్యార్థికి గివ్ అప్ అంటే బో అని మాత్రమే తెలుసు అనుకోండి. ఆమె సీటు వదిలేసి పోయిందని అర్థమవుతుంది. మర్యాద చేసిన మనిషి కాస్తా విసుగొచ్చి లేచిపోయిన మనిషి అవుతుంది.

లొంగిపోవడంలోనూ రెండు రకాలు. యుద్ధంలో శత్రువుకు లొంగితే దౌ హాంగ్. నేరం చేసినవాడు తానే పోలీసుల దగ్గరికి వెళ్తే "దౌ థూ". తెలుగులో రెండుచోట్లా "లొంగిపోయాడు" అనే అంటాం.

ఇక "గివ్ అప్ ఆన్" అని మరో చిన్న మాట చేరితే విషయం మనుషుల మీదికి మళ్ళుతుంది. "హిస్ టీచర్ గేవ్ అప్ ఆన్ హిమ్" అంటే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి మీద ఆశ వదులుకున్నాడని. ఆన్ తీసేసి "గేవ్ హిమ్ అప్" అంటే అతణ్ణి ఎవరికో అప్పగించాడనే అర్థం కూడా రావచ్చు. ఒక్క ఆన్ తేడాతో నిరాశ కాస్తా ద్రోహం కావచ్చు.

ఇన్ని మాటలు ఉన్నా వాటిని రెండు అంతస్తులుగా చూడవచ్చు. బో అచ్చ వియత్నామీ మాట, ఇంటి మాట. దౌ హాంగ్ లాంటివి చైనా నుంచి వచ్చిన బరువైన మాటలు. వీటి నడుమ "తు బో" అని ఒకటుంది. చైనా మాట తు, ఇంటి మాట బో రెండూ జోడించి హుందాగా "త్యజించడం" అనే అర్థం తెచ్చారు. ఇంగ్లీషులోనూ ఇదే కథ: గివ్ అప్ ఇంటి మాట, సరెండర్, అబాండన్ ఫ్రెంచి నుంచి వచ్చినవి. మనకు వదులుకోవడం ఇంటి మాట, త్యజించడం, విరమించడం సంస్కృతం నుంచి వచ్చినవి. మూడు భాషలకూ రెండేసి అంతస్తులు ఉన్నాయి. అయితే ఇంగ్లీషు కింది అంతస్తులో తిరిగేవి ఎక్కువగా ఫ్రేజల్ వెర్బులు. బడిలో పై అంతస్తు నుంచి ఇంగ్లీషు నేర్చుకున్న విద్యార్థికి కింది అంతస్తుకు మెట్లు దొరకవు.

వాక్యంలో చోటు: వంతెన ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు

"గివ్ అప్ స్మోకింగ్" అనవచ్చు, "గివ్ స్మోకింగ్ అప్" అని కూడా అనవచ్చు. కానీ స్మోకింగ్ బదులు "ఇట్" పెడితే "గివ్ ఇట్ అప్" అనే అనాలి. "గివ్ అప్ ఇట్" అనకూడదు. పుస్తకాలు దీన్ని పెద్ద నియమంగా చెబుతాయి, విద్యార్థులు భయపడతారు.

విచిత్రం ఏమిటంటే వాళ్ళ భాషలో ఈ నియమానికి అద్దం లాంటి వాక్యం ఉంది. "బో నో ది." బో అంటే వదులు, నో అంటే అది, ది అంటే వెళ్ళు. "వదిలేయ్ దాన్ని" అని అర్థం. క్రియ, సర్వనామం, దిక్కు మాట, అదే వరుస. "కొయ్ ఆవ్ రా" లోనూ చొక్కా మధ్యలోనే ఉంది. వంతెన ఇంటి వాకిట్లోనే ఉంది. అన్ని జంటలకూ ఇది వర్తించదు, తీమ్ రా లాంటి వాటిలో వస్తువు సాధారణంగా చివరికి వస్తుంది. అయినా "గివ్ ఇట్ అప్" వరకు ఆ వంతెన భేషుగ్గా నిలుస్తుంది.

వంతెన లేని చోటు మరొకటి ఉంది. గివ్ అప్ తర్వాత మరో క్రియ వస్తే దానికి "ఇంగ్" చేరాలి. వియత్నామీలో "పొగతాగడం మానేశాడు" అనడానికి మాను, తాగు, మందు అని మూడు మాటలు ఏ మార్పూ లేకుండా పక్కపక్కన పెడతారు. అందుకే "గివ్ అప్ స్మోక్", "గివ్ అప్ టు స్మోక్" అనే తప్పులు వస్తాయి. తెలుగువాడికి ఈ చోట ఇబ్బంది తక్కువ. తాగడం, చదవడం, రాయడం అని "డం" చేర్చి క్రియను నామంగా మార్చే అలవాటు మనకు సహజం. "తాగడం మానేశాడు"లో "డం" ఉన్న చోటే "ఇంగ్" ఉంది.

కాలం కూడా అంతే. జరిగిపోయిన పనికి వియత్నామీ క్రియ ముందు "దా" పెడతారు, క్రియ మాత్రం చెక్కుచెదరదు. గివ్ కాస్తా గేవ్, గివెన్ అవడం వాళ్ళకు కొత్త. "ఐ ఆల్రెడీ గివ్ అప్" అనే వాక్యంలో ఆల్రెడీ చేస్తున్నది దా చేసే పనే.

చెవికి అందని మాట

కాగితం మీద గుర్తుపట్టిన గివ్ అప్ చెవిన పడితే ఎందుకు గుర్తుపట్టలేరు? వియత్నామీలో ప్రతి అక్షరమూ తన గీతలోపలే ఉంటుంది. ముందు మాట చివరి హల్లు వెనక మాట మొదటి అచ్చుతో అతుక్కోదు. ఇంగ్లీషులో "గివ్ ఇట్ అప్" మూడు మాటలుగా వినిపించదు, "గివిటప్" అని ఒకే పోగుగా వస్తుంది. పైగా వియత్నామీ మాటలు "వ్" అన్న హల్లుతో ముగియవు. మాట చివర ప్, త్, క్ వస్తే పెదవులో నాలుకో మూసి అక్కడే ఆపేస్తారు, గాలి బయటికి వదలరు. కాబట్టి వియత్నామీ విద్యార్థి పలికిన గివ్‌లో వ్ మరో హల్లుగా మారవచ్చు, లేదా రాలిపోవచ్చు. మనం చివరి హల్లుకు "ఉ" చేర్చి గివ్వు అంటాం, సంధి అలవాటు ఉంది కాబట్టి కలిపి పలకడం మనకు వింత కాదు. మన తప్పులు వేరు, వాళ్ళ తప్పులు వేరు.

తప్పించుకోవడం గురించి పరిశోధకులు ఏమన్నారు

ఫ్రేజల్ వెర్బ్ తెలిసి కూడా విద్యార్థి దాన్ని వాడకుండా ఒంటి మాట వెతుక్కోవడాన్ని పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. 1985లో డాగట్, లాఫర్ అనే ఇద్దరు హీబ్రూ మాట్లాడే విద్యార్థుల మీద అధ్యయనం చేశారు. హీబ్రూలో ఇలాంటి జంటలు లేవు, అందుకే తప్పించుకుంటున్నారని తేల్చారు. 1989లో హుల్‌స్టెయిన్, మార్చెనా డచ్ విద్యార్థుల మీద చేసిన పని ఈ తీర్పును కదిలించింది. డచ్‌లో ఇలాంటి జంటలు పుష్కలం. అయినా వాళ్ళు కొన్నింటిని తప్పించుకున్నారు. అవి తమ భాష మాటల్లా ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషులో అలా ఉండవని అనుమానించారట. 2004లో లియావ్, ఫుకుయా చైనీయుల మీద చేసిన అధ్యయనంలో స్థాయి పెరిగిన కొద్దీ, ఇంగ్లీషు మాట్లాడే చోట ఉన్న కొద్దీ ఈ తప్పించుకోవడం తగ్గింది.

వియత్నామీ విద్యార్థి హీబ్రూవాడిలా ఉంటాడా, డచ్‌వాడిలా ఉంటాడా? చాలామంది మొదటిదే అనుకుంటారు. తీమ్ రా, దుంగ్ లేన్, బో నో ది చూశాక నాకు రెండోదానికే దగ్గరనిపిస్తుంది. ఉన్నదానితో పోలిక కుదిరినప్పుడు ధైర్యం, కో లేన్ లాంటిది ఎదురుతిరిగినప్పుడు అనుమానం.

నేర్పే పద్ధతి మీద కూడా ఏకాభిప్రాయం లేదు. ఒక పక్షం ప్రతి జంటనూ విడి మాటగా గుర్తుంచుకోవడమే మేలంటుంది. అప్‌కు తర్కం వెతికితే పది మినహాయింపులు ఎదురవుతాయని వాళ్ళ వాదన. లెక్కలు కూడా వాళ్ళకు కొంత ధైర్యం ఇస్తాయి. 2007లో గార్డ్‌నర్, డేవీస్ బ్రిటిష్ ఇంగ్లీషు వాడుక నమూనాల పెద్ద భాండాగారాన్ని పరిశీలించారు. 20 క్రియలు, 8 చిన్న మాటల కలయికలే అందులోని ఫ్రేజల్ వెర్బులలో సగానికి పైగా ఉన్నాయని తేల్చారు. తరచుగా వచ్చే 100 జంటలకు సగటున ఐదుకు పైగా అర్థాలున్నాయని కూడా వాళ్ళే చూపారు. 2015లో గార్నియర్, ష్మిట్ తయారు చేసిన 150 జంటల జాబితా ఆ భారాన్ని బాగా తగ్గించింది. వాడుకలో నిజంగా తరచుగా వచ్చే అర్థాలు ఒక్కో జంటకు సగటున రెండే.

ఇంకో పక్షం అప్, డౌన్‌ల వెనక ఉన్న ఊహాచిత్రాన్ని చూపితే మాట నిలుస్తుందంటుంది. 1996లో కొవెచెష్, సాబో హంగేరీ విద్యార్థులతో చేసిన చిన్న ప్రయోగంలో ఆ చిత్రం సాయంతో నేర్చినవారు, అర్థాలు మాత్రమే బట్టీ పట్టినవారి కంటే మెరుగ్గా రాశారు. ముందు నేర్పని జంటలలో కూడా ఆ మెరుగు కనిపించింది. అయితే ఆ చిత్రం విద్యార్థి సొంత భాషలోని చిత్రానికి ఎదురుగా ఉన్నప్పుడు ఏం జరుగుతుందన్నది వేరే ప్రశ్న. "అప్ అంటే నిండిపోవడం, ముగియడం" అని వియత్నామీ విద్యార్థికి చెప్పాలంటే లేన్‌ను పక్కన పెట్టి హేత్‌ను, ది‌ను ముందుకు తేవాలి. మాటకు మాట కాకుండా చిత్రానికి చిత్రం అనువదించడం అది.

ఒక వాక్యం, మూడు భాషలు

ఇప్పుడు ఈ ముళ్ళన్నీ ఒకేచోట పడిన వాక్యం చూద్దాం: "ది డాక్టర్స్ గేవ్ హిమ్ అప్." సర్వనామం మధ్యలో ఉంది, కాలం మారింది, పలికితే అంతా ఒకే పోగుగా వినిపిస్తుంది. బో అని అనువదిస్తే డాక్టర్లు రోగిని వదిలేసి వెళ్ళారనిపిస్తుంది. దౌ హాంగ్ అంటే యుద్ధం అయిపోతుంది. న్యువంగ్ అంటే మర్యాద అవుతుంది. ఇవేవీ కావు. చేయగలిగిందంతా చేశారు, ఇక వల్ల కాదన్నారు.

వియత్నామీలు ఈ చోట "బో తయ్" అంటారు. ఈ బో మనం ఇంతవరకు చూసిన బో కాదు. తెలుగు లిపిలో రెండూ ఒకేలా ఉన్నా స్వరం వేరు, అర్థం వేరు. ఈ బో అంటే కట్టేయడం. తయ్ అంటే చెయ్యి. డాక్టర్ల చేతులు కట్టేసినట్టయింది. లెక్క తేలని విద్యార్థి అనేదీ ఇదే, పాడైన బండిని బాగు చేయలేని మెకానిక్ అనేదీ ఇదే.

అదే వాక్యాన్ని తెలుగులో చెప్పమంటే మన నోట ఒక్కటే వస్తుంది: డాక్టర్లు చేతులెత్తేశారు. అక్కడ కట్టుబడిన చేతులే ఇక్కడ లేచాయి, ఇంగ్లీషు అప్ చూపిన వైపుకే. నిషేధం తీసేస్తే "ఎత్తివేశారు" అంటాం. తగ్గేవాటికి, ఎండేవాటికి "పోవు" అంటూ వియత్నాం పక్కన నిలిచిన మనం ఈ ఒక్కచోట ఇంగ్లీషు పక్కకు జరిగాం. "గివ్ అప్‌లో పైకి ఎందుకు?" అని హనోయి విద్యార్థి అడిగే ప్రశ్నను "చేతులెత్తేయడంలో ఎత్తడం ఎందుకు?" అని మన పిల్లలు ఏనాడూ అడగరు.